టామ్ థామ్సన్ అటవీ చిత్రాలు: రంగుల పని తీరు

కెనడా చిత్రకారుడు టామ్ థామ్సన్ (1877–1917) పేరు వినగానే అక్కడివారికి గుర్తొచ్చేది అడవి. అదీ పచ్చగా ఉండే అడవి కాదు. ఎర్రటి మేపుల్ ఆకులు, నిమ్మపండు రంగు బర్చ్ చెట్లు, ఊదారంగు కొండలు, గులాబీ ఛాయలు పాకిన రాళ్లు, మధ్యలో నల్లగా నిలబడ్డ స్ప్రూస్ చెట్టొకటి. ఆంటారియో ప్రావిన్సులోని అల్గాంక్విన్ పార్కు చుట్టుపక్కల 1912 నుంచి 1917 దాకా, అంటే కేవలం ఐదేళ్లపాటు, ఆయన ఈ బొమ్మలు వేశాడు. నోటుపుస్తకమంత పలకల మీద నూనె రంగులతో సుమారు 400 స్కెచ్‌లు, కాన్వాసు మీద 50 దాకా పెద్ద చిత్రాలు మిగిలాయి. ఆయన మరణం చుట్టూ అల్లుకున్న కథలకు వేరే పుస్తకాలే ఉన్నాయి. ఇక్కడ ప్రధానంగా ఆ బొమ్మలు ఎలా తయారయ్యాయన్నదే చూద్దాం.

ఆ రంగులు కల్పితమనేవారు ఆనాడే ఉన్నారు. పనితీరును దగ్గరగా చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. థామ్సన్ రంగు చాలావరకు చెట్ల మధ్య కూర్చుని పట్టుకున్నదే. కల్పించింది ఆ రంగులు ఒకదాని పక్కన ఒకటి ఎలా కూర్చోవాలన్న అమరికను. ఆ అమరిక విద్యను ఆయన అడవిలో నేర్చుకోలేదు, టొరంటోలోని ఒక అచ్చుపని సంస్థలో నేర్చుకున్నాడు.

అడవి, దాని రంగులు

అల్గాంక్విన్ పార్కును 1893లో ఏర్పాటు చేశారు. ఇప్పుడు దాని విస్తీర్ణం దాదాపు 7,600 చదరపు కిలోమీటర్లు. అతి ప్రాచీనమైన గట్టి రాతినేల, దాని గుంటల్లో వందలకొద్దీ చెరువులు, వాటిని కలిపే వాగులు. దక్షిణాది ఆకురాల్చే అడవి, ఉత్తరాది సూదాకుల అడవి ఇక్కడ కలుస్తాయి. పడమటి ఎత్తు ప్రాంతంలో మేపుల్, పసుపు బర్చ్, బీచ్ చెట్లు ఎక్కువ. తూర్పున ఇసుకనేలల్లో పైన్ చెట్లు ఎక్కువ. థామ్సన్ తరచుగా మకాం వేసిన కెనో లేక్ పడమట ఉంది. ‘ద జాక్ పైన్’ చిత్రానికి మూలమైన గ్రాండ్ లేక్ తూర్పున ఉంది. ఆయన బొమ్మల్లో ఒకచోట ఆకుల మంట, ఇంకోచోట నల్లటి ఒంటరి చెట్టు కనిపించడానికి ఈ నేల తేడా ఒక కారణం.

సెప్టెంబరు చివర్లో పగటి వేళ తగ్గి, రాత్రులు చల్లబడగానే ఆకుల్లో పత్రహరితం విరిగిపోతుంది. అంతకాలం దాని చాటున ఉన్న కెరొటినాయిడ్ల పసుపు బయటపడుతుంది. బర్చ్, పాప్లర్ చెట్ల బంగారు రంగు అదే. మేపుల్ ఆకు ఎరుపు అలా దాగి ఉన్నది కాదు. ఆకు రాలబోయే ముందు కొత్తగా తయారయ్యే ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది. ముందు మేపుళ్లు, తర్వాత బర్చ్, పాప్లర్లు, చివరగా సూదాకులు ఉండి కూడా ఆకు రాల్చే టమరాక్ రంగు మారతాయి. ఎర్రదనం నిండుగా ఉండేది కొద్ది రోజులే. ఒక పెద్ద గాలివాన వస్తే అదీ ఉండదు. చిత్రకారుడు తొందరపడక తప్పని పరిస్థితి అడవే కల్పించింది.

థామ్సన్ వేసింది మానవ స్పర్శ ఎరుగని అరణ్యమన్న అభిప్రాయం చాలాకాలం చలామణీ అయింది. నిజానికి అక్కడి తెల్ల పైన్ వృక్షాలను 19వ శతాబ్దంలోనే కలప వ్యాపారులు పెద్ద ఎత్తున నరికేశారు. ఆయన తిరిగేనాటికి కలప ఆనకట్టలు, దుంగలు జార్చే కాలువలు, మొద్దులు, కాలిన నేలలు ఎటు చూసినా ఉండేవి. వాటినీ వేశాడు. వాగులో దుంగలు తోసే దృశ్యం మీద ‘ద డ్రైవ్’ అనే పెద్ద కాన్వాసే ఉంది. బర్చ్, పాప్లర్లు ఎండను కోరే చెట్లు. పెద్ద చెట్లు పోయి వెలుతురు పడిన చోట ముందుగా అవే లేస్తాయి. కాబట్టి మనం చూసి మురిసిపోయే ఆ పసుపులో కొంత గొడ్డలి పుణ్యమే. అలాగే ఆ నేల మీద తరతరాలుగా బతికిన అల్గాంక్విన్ ఆదివాసులు ఈ బొమ్మల్లో ఎక్కడా కనిపించరు. ఈ లోటును ఇటీవలి విమర్శకులు గట్టిగానే ఎత్తిచూపారు.

అచ్చుపనిలో పడ్డ చేయి

థామ్సన్ ఆంటారియోలోని క్లేర్‌మాంట్ దగ్గర పుట్టి, ఓవెన్ సౌండ్ సమీపంలోని లీత్ అనే ఊళ్లో పెరిగాడు. పదిమంది పిల్లల్లో ఆరోవాడు. యువకుడిగా అమెరికాలోని సియాటిల్ వెళ్లి, అక్కడ అచ్చుబొమ్మల తయారీలో పనిచేసి వెనక్కి వచ్చాడు. టొరంటోలో విలియం క్రూక్‌శాంక్ దగ్గర కొంతకాలం సాయంత్రం తరగతులు తప్ప చెప్పుకోదగ్గ కళాశాల చదువు లేదు. 1909 ప్రాంతంలో గ్రిప్ అనే వాణిజ్య చిత్రకళా సంస్థలో చేరాడు. ప్రకటనలు, కేటలాగులు, పోస్టర్లు, అలంకారపు అక్షరాలు వేయడం అక్కడి పని. జె.ఇ.హెచ్. మెక్‌డోనల్డ్ అక్కడ పెద్ద డిజైనరు. ఆర్థర్ లిస్మర్, ఫ్రెడ్ వార్లీ, ఫ్రాంక్ కార్మైకేల్ వంటి వారు కూడా అదే గూటి పక్షులు.

ఈ ఉద్యోగాన్ని జీవిత చరిత్రకారులు కొందరు పొట్టకూటి పనిగా దాటేస్తారు. అది సరికాదు. ప్రకటన బొమ్మలో నీడల సూక్ష్మాలు చెల్లవు. చెట్టును ఒకే ఆకారంగా కుదించాలి, అంచు తేటగా ఉండాలి, రెండు మూడు రంగులతో పని జరగాలి, దూరం నుంచి చూసినా బొమ్మ తెలియాలి. ఆ రోజుల్లో ఐరోపా నుంచి వచ్చిన ఆర్ నూవో అలంకార శైలి, అంటే తీగల్లా మెలికలు తిరిగే గీతలు, బల్లపరుపు రంగులు, గ్రిప్ బల్లల మీద నిత్య వ్యవహారం. తర్వాత థామ్సన్ వేసిన ప్రతి పెద్ద చిత్రంలోనూ ఈ చేతివాటం తెలుస్తూనే ఉంటుంది.

1912 మే నెలలో సంస్థలోని ఒక సహోద్యోగితో కలిసి ఆయన తొలిసారి అల్గాంక్విన్ వెళ్లాడు. అదే వేసవిలో మిస్సిసాగి నది మీద మరో సుదీర్ఘ పడవ ప్రయాణం చేశాడు. వడిలో పడవ తిరగబడి స్కెచ్‌లలో ఎక్కువ భాగం, తీసిన ఫొటోలు నీటి పాలయ్యాయి. మిగిలిన తొలినాటి పలకలు బూడిద, గోధుమ రంగుల్లో మసకగా ఉంటాయి. వాటిని చూసిన కంటి డాక్టరు జేమ్స్ మెక్‌కాలమ్, రంగు బురదగా ఉన్నా ఉత్తరాది అడవి స్వభావం వాటిలో ఉందని గ్రహించాడు. ఏడాది ఖర్చులు భరిస్తాను, ఉద్యోగం మాని బొమ్మలు వెయ్యమని థామ్సన్‌కు, మరో చిత్రకారుడు ఎ.వై. జాక్సన్‌కు మాటిచ్చాడు. ఆ స్కెచ్‌లలో ఒకటి ఆధారంగా వేసిన ‘నార్తర్న్ లేక్’ కాన్వాసును 1913లో ఆంటారియో ప్రభుత్వం 250 డాలర్లకు కొన్నది.

జాక్సన్ పారిస్‌లో చదువుకున్నవాడు. రంగును పాలెట్ మీద కలిపి చంపేయకుండా విడివిడి కుంచె మచ్చలుగా పక్కపక్కన పెట్టడం ఇంప్రెషనిస్టుల నుంచి నేర్చుకుని వచ్చాడు. 1914లో టొరంటోలోని స్టూడియో బిల్డింగ్‌లో ఇద్దరూ ఒకే గదిలో పనిచేశారు. ఆ ఏడాది ఆకురాలు కాలంలో జాక్సన్, వార్లీ, లిస్మర్ కూడా పార్కుకు వచ్చి థామ్సన్‌తో గడిపారు. ఆ కొద్ది వారాల్లో థామ్సన్ పలకల మీద రంగు ఒక్కసారిగా మారిపోయింది. మసక పోయి మంట వచ్చింది.

పెట్టె, పలకలు, ట్యూబులు

అడవిలో నూనె రంగులతో పనిచేయడమంటే ముందు మోత సమస్య. రంగును పొడిగా నూరి నూనెతో కలుపుకునే రోజుల్లో ఇది దాదాపు అసాధ్యం. లండన్‌లో ఉంటున్న అమెరికన్ జాన్ గాఫ్ రాండ్ 1841లో మడతపెట్టగలిగే లోహపు ట్యూబు కనిపెట్టాక చిత్రకారుడు స్టూడియో గడప దాటాడు. థామ్సన్ దగ్గర ట్యూబులతోపాటు ఒడిలో పెట్టుకునే స్కెచ్ పెట్టె ఉండేది. తెరిస్తే కింద రంగులు, పాలెట్. పైమూతకు ఆనించి పలక. మూతలో గాడులు ఉంటాయి. ఒకదానికొకటి తగలకుండా తడి పలకలను వాటిలోకి దోపుకోవచ్చు. నూనె రంగు ఆరడమంటే నీరు ఆవిరవడం కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడాలి. ఆ చలిలో, తేమలో అందుకు రోజులు పడుతుంది. గాడులు లేకపోతే పడవ ఎక్కేలోపే రెండు బొమ్మలు అతుక్కుపోతాయి.

పలకలు సుమారు 21 సెంటీమీటర్లు ఇంటు 27 సెంటీమీటర్లు. కొన్ని చెక్కవి, కొన్ని గుజ్జుతో అదిమి చేసిన అట్టలు, కొన్ని అంతకన్నా చిన్నవి. కాన్వాసులా అవి గాలికి ఊగవు, తడికి సాగవు. పడవ అడుగున పడేసినా చిరగవు. ఇంకో లాభం, చెక్క తేనెరంగు ఉచితంగా దొరికే అడుగు పూత. చాలా పలకల మీద కుంచె మచ్చకూ మచ్చకూ మధ్య వదిలేసిన సందులో చెక్క కనిపిస్తుంది. ఆకాశపు నీలం పక్కన ఆ వెచ్చని గీత మెరిస్తే, దాన్ని ప్రత్యేకంగా వేసినట్టే ఉంటుంది.

రంగుల మీద ఆయనకున్న మక్కువ గురించి పార్కులో ఒక కథ చెప్పుకుంటారు. కొత్త పడవకు తనకు నచ్చిన బూడిద నీలం కుదరకపోతే, ఖరీదైన కోబాల్ట్ నీలం ట్యూబును పడవ పెయింటులో కలిపేశాడట.

చెట్టు ముందు

స్కెచ్ ఎక్కువగా ఒకే విడతలో, తడి మీద తడి రంగు వేస్తూ ముగిసేది. వెలుతురు మారేలోపు పని పూర్తికావాలి. ఆ పలకలను దగ్గరగా చూస్తే పని జరిగిన క్రమం కొంతవరకు చదవవచ్చు. ముందు ముదురు రంగులో కొండ అంచు, పెద్ద చెట్ల బోదెలు నాలుగైదు గీతల్లో స్థిరపడతాయి. తర్వాత చీకటి గుంపులు: స్ప్రూస్ చెట్ల నలుపు పచ్చ, నీటి ఒడ్డు నీడ. వాటి మీద ఆకుల రంగు మందంగా, ఒక్కో ముద్దగా పడుతుంది. ఎరుపు ముద్దను పక్కనున్న పచ్చలోకి రుద్దడు. పెట్టి, కుంచె ఎత్తేస్తాడు.

చాలా పలకల్లో ఆకాశం తర్వాత వచ్చింది. మామూలుగా కొత్తవాళ్లు ఆకాశమంతా ముందు పూసి, దాని మీద కొమ్మలు గీస్తారు. తడి నీలం మీద నల్లటి కొమ్మ గీస్తే రెండూ కలిసి బూడిదవుతుంది. థామ్సన్ చెట్టును ముందు నిలబెట్టి, కొమ్మల సందుల్లోకి ఆకాశాన్ని లేత రంగు ముక్కలుగా దూర్చాడు. కొమ్మ అంచును ఆకాశమే కోసింది. అందుకే ఆ సందులు ఖాళీల్లా కాక వెలుతురు రాళ్లలా కనిపిస్తాయి.

రంగురంగుల అడవి వేయడంలో అసలు చిక్కు రంగులు ఎక్కువవడమే. ఎదురెదురు రంగులైన ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి వెలిగిస్తాయి. అవే కలిస్తే బురదవుతాయి. అన్నీ వెలిగితే కంటికి విశ్రాంతి ఉండదు. థామ్సన్ మంచి స్కెచ్‌లలో మండే రంగు వాటా, గుర్తున్నంత ఎక్కువ ఉండదు. సగానికి పైగా పలకను బూడిద ఊదా, మురికి పచ్చ, నలుపు లాంటి మౌనమైన రంగులు ఆక్రమిస్తాయి. వాటి మధ్య పడ్డ మేపుల్ ఎరుపు కొద్దిపాటిదైనా చిత్రమంతా ఎర్రగా ఉందనిపిస్తుంది. ఈ పొదుపు తెలియకుండా ఆయన్ను అనుకరించినవారి బొమ్మలు మిఠాయి డబ్బా మూతల్లా తయారయ్యాయి.

వేసవిలో ఆయన వేసినవి తక్కువ. వేసవి నెలల్లో చేపల వేటకు వచ్చేవారికి దారి చూపే గైడుగా, 1916లో అగ్నిమాపక రేంజరుగా పనిచేయడం ఒక కారణం. ఈగలు, దోమలు మరో కారణం. మూడోది రంగుకు సంబంధించింది: ఎటు చూసినా ఒకే పచ్చదనం ఉన్న అడవి చిత్రకారుడికి అన్నిటికన్నా కష్టం. ఆకులు రాలే ముందు, మంచు కరిగే వేళ, కొమ్మలు బోడిగా ఉన్నప్పుడు కొండ ఆకారం, నేల రంగు, నీటి మెరుపు విడివిడిగా దొరుకుతాయి. థామ్సన్ ఏప్రిల్‌లో మంచు కరుగుతుండగా వచ్చి నవంబరులో వెనక్కి వెళ్లేవాడు.

చలికాలపు పని

చలికాలం టొరంటోలో గడిచేది. 1915 చివరినుంచి స్టూడియో బిల్డింగ్ వెనక ఉన్న షెడ్డులో నెలకు ఒక డాలరు అద్దెకు ఉన్నాడు. స్కెచ్‌లలో కొన్ని ఎంచుకుని పెద్ద కాన్వాసులు చేసేది ఇక్కడే. ఆ షెడ్డు ఇప్పుడు క్లైన్‌బర్గ్‌లోని మెక్‌మైకేల్ మ్యూజియం ఆవరణలో ఉంది.

స్కెచ్‌ను పెద్దది చేయడం గళ్లు గీసి ఎక్కించే పని అనిపించవచ్చు. లెక్క చూస్తే కష్టం తెలుస్తుంది. ‘ద జాక్ పైన్’ కాన్వాసు 127.9 ఇంటు 139.8 సెంటీమీటర్లు. వైశాల్యంలో స్కెచ్‌కు 30 రెట్లు దాటింది. పలక మీద వేలెడు వెడల్పున్న ఒక్క కుంచె దెబ్బ ఒక కొండ. కాన్వాసు మీద అదే కొండకు ఒక్క దెబ్బ చాలదు. దాన్ని నింపాలి. దేనితో నింపాలన్నదే ప్రశ్న. ఆకులూ రాళ్లూ వివరంగా గీస్తే స్కెచ్‌లోని వేగం చచ్చిపోతుంది. అలాగే పెంచితే ఖాళీగా వెలవెలబోతుంది. థామ్సన్ పెద్ద చిత్రాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు వేర్వేరు జవాబులు.

‘నార్తర్న్ రివర్’ (1914–15) మొదటి గట్టి జవాబు. ముందు వరుసలో నల్లటి స్ప్రూస్ బోదెలు జాలీలా నిలబడి, వాటి వెనక వంపు తిరిగిన వాగు, ఎండిన ఆకుల పసుపు, ఎరుపు కనిపిస్తాయి. దీనికి నూనె స్కెచ్ కాక, ఇంకు, గువాష్ రంగులతో బోర్డు మీద వేసిన నమూనా దొరికింది. అంటే ఇది డిజైనరు పద్ధతిలో పుట్టిన చిత్రం. బోదెల నడక, వాటి మధ్య ఖాళీలు ముందే లెక్కగట్టుకున్నవి. థామ్సన్ దీన్ని చిత్తడి బొమ్మ అని పిలిచేవాడు. ఒట్టావాలోని నేషనల్ గ్యాలరీ 1915లో 500 డాలర్లకు కొన్నది.

తర్వాతి చలికాలం, 1915–16లో, అలంకారం వైపు మరీ మొగ్గాడు. ‘ద పూల్’, ‘ఆటమ్స్ గార్లండ్’ లాంటి కాన్వాసుల్లో ఆకులు అచ్చు వేసినట్టు చుక్కలుగా, ముక్కలుగా తివాచీలా పరచుకుంటాయి. మెక్‌కాలమ్ వేసవి ఇంటి గోడలకు అడవి పొదల మీద పలకలు వేసింది కూడా ఆ రోజుల్లోనే. ఇవి అందంగా ఉంటాయి, కానీ బిగుసుకుపోయి ఉంటాయి. కొండగాలి వాటిలోకి రాదు. ‘ద పూల్’ పక్కన అదే కాలపు ఏ స్కెచ్ పెట్టినా స్కెచ్‌దే పైచేయి అవుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1916–17 చలికాలంలో వేసిన ‘ద జాక్ పైన్’లో అలంకారం, స్కెచ్ అనే ఆ రెండు దారులూ కలిశాయి. దానికి మూలమైన స్కెచ్ 1916లో గ్రాండ్ లేక్ ఒడ్డున, రేంజరు పనిలో ఉన్నప్పుడు వేసింది. స్కెచ్‌లో మబ్బు పట్టిన వాతావరణం. కాన్వాసు మీదకు వచ్చేసరికి మబ్బులు పోయాయి. ఆకాశం లేత పసుపుపచ్చ, గులాబీ ఛాయల్లో అడ్డంగా పరచిన వెడల్పాటి పట్టీలయింది. చెరువు నీరు కూడా అలాంటి పట్టీలే. ప్రతి పట్టీ ఒక ఇటుక పొడవున్న కుంచె దెబ్బల వరుస. ఎదుటి ఒడ్డున కొండలు ముదురు నీలం, ఊదా. వాటి మీద కరగని మంచు మరకలు. ముందున్న రాళ్లలో గులాబీ, ఎరుపు, గోధుమ రంగులు. వీటన్నిటికీ అడ్డంగా, కొమ్మలు వేలాడేసుకుని, గాలికి అలవాటుపడ్డ చెట్టొకటి నిలబడుతుంది.

ఆ చెట్టు దగ్గరకు వెళ్లి చూడాలి. కొమ్మల ముదురు పచ్చ కింద ఎర్రటి అడుగు పూత ఉంది. ఆకుల గుంపు అంచు ఆకాశాన్ని తాకే చోట ఆ ఎరుపును పూర్తిగా కప్పకుండా సన్నని గీతగా వదిలేశాడు. దూరం నుంచి ఎరుపు కనబడదు. చెట్టు అంచు మాత్రం వణుకుతున్నట్టు, సాయంకాలపు కాంతి దాన్ని వెనకనుంచి కాలుస్తున్నట్టు ఉంటుంది. పచ్చకు ఎదురు రంగు ఎరుపు కదా, కన్ను ఆ రెండిటి మధ్య నిలకడ లేకుండా తిరుగుతుంది. స్కెచ్‌లో చెక్క తేనెరంగు చేసిన పనిని ఇక్కడ కావాలని పూసిన ఎరుపు చేస్తోంది. పెద్దది చేయడమంటే కొలతలు పెంచడం కాదు, చిన్నదాంట్లో యాదృచ్ఛికంగా జరిగిన మంచిని పెద్దదాంట్లో ఏర్పాటు చేయడమని థామ్సన్‌కు అప్పటికి అర్థమైనట్టుంది. అదే చలికాలంలో వేసిన ‘ద వెస్ట్ విండ్’లో గాలి ఉంది, నురగ ఉంది, చెట్టు వంపులో గ్రిప్ నాటి గీత ఉంది. ఆంటారియో ఆర్ట్ గ్యాలరీలో ఉన్న ఈ చిత్రానికి అభిమానులు ఎక్కువ. రంగు పని మాత్రం జాక్ పైన్‌లోనే గట్టిది.

ఎగతాళి, ఆదరణ

కొత్త రంగుల మీద పత్రికలు గుర్రుగానే ఉన్నాయి. 1913 డిసెంబరులో టొరంటో డైలీ స్టార్‌లో ఒక వ్యాసకర్త ఈ చిత్రకారుల బృందాన్ని వేడి జావ బడి అని వెక్కిరించాడు. థామ్సన్ దానికి జవాబు రాయలేదు. వాదనలన్నీ మెక్‌డోనల్డ్ చేసేవాడు.

1917 వసంతంలో థామ్సన్ మంచు కరగడం నుంచి ఆకు పుట్టేదాకా వాతావరణాన్ని రోజువారీగా పలకల మీద నమోదు చేశాడు. ఇవి ఆయన పనిలో అన్నిటికన్నా పొదుపైనవి. కొన్నిటిలో ఆరేడు కుంచె దెబ్బలతో ఒక కొండ, ఒక మంచు గడ్డ. జూలై 8న కెనో లేక్‌లో ఒంటరిగా పడవ వేసుకుని వెళ్లాడు. ఎనిమిది రోజులకు శవం తేలింది. ప్రమాదవశాత్తు మునిగిపోవడమని అధికారికంగా తేల్చారు. వయసు 39.

మిత్రులు ఆ దారినే నడిచారు. మెక్‌డోనల్డ్, హారిస్, జాక్సన్, లిస్మర్, వార్లీ, కార్మైకేల్, జాన్‌స్టన్ కలిసి 1920 మేలో గ్రూప్ ఆఫ్ సెవెన్ పేరుతో తొలి ప్రదర్శన పెట్టారు. అంతకు ముందు కొందరు ఆల్గోమా అడవుల్లోకి రైలు పెట్టెను ఇల్లుగా మార్చుకుని వెళ్లి, థామ్సన్ లాగే చిన్న పలకల మీద వేశారు. అడవిలో పలక, చలికాలంలో కాన్వాసు అన్న పద్ధతి వారికి సంప్రదాయమే అయింది.

ఇతర దారులు

అడవిని నూనె రంగుల్లో వేసిన వారిలో ఈ పద్ధతి ఒక్కటే లేదు. ఫ్రాన్స్‌లో ఫౌంటెన్‌బ్లో అడవి అంచున బార్బిజాన్ గ్రామంలో చేరిన తియొడోర్ రూసో తరంవారు బయట అధ్యయనాలు చేసి, గదిలో నెలల తరబడి పూతమీద పూత వేసి ముదురు గోధుమ రంగుల్లో ముగించేవారు. రష్యాలో ఇవాన్ షిష్కిన్ చెట్టు బెరడును వృక్షశాస్త్రజ్ఞుడిలా గీశాడు. ఆయన అడవిలో ఆకు ఏ జాతిదో చెప్పవచ్చు. రంగును వస్తువు నుంచి విడదీసిన సాహసం పాల్ సెరూజియేది. 1888 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని పాంట్ అవెన్ దగ్గరి చిన్న అడవిలో, చిత్రకారుడు గోగాన్ పక్కన నిలబడి చెబుతుండగా, ఆకు పసుపుగా కనిపిస్తే అచ్చమైన పసుపే పెడుతూ ఆయన వేసిన ‘ద టాలిస్మన్’ కూడా దాదాపు థామ్సన్ పలకంతే ఉంటుంది. దాన్ని థామ్సన్ చూడలేదు. కెనడా పడమటి తీరంలో ఎమిలీ కార్ 1930లలో రంగును పెట్రోలుతో పలుచన చేసి చవక కాగితం మీద వేసింది. దేవదారు అడవి లోపలి గాలి సుడులు తిరుగుతున్నట్టు చూపడానికి ఆ జారుడు రంగు ఆమెకు పనికొచ్చింది. థామ్సన్ ముద్దల్లో అది కుదిరేది కాదు.

స్కెచ్‌ల కాల నిర్ణయం

బతికుండగా థామ్సన్ స్కెచ్‌లను అడిగినవారికి ఇచ్చేసేవాడు. చాలావాటి మీద సంతకం లేదు, పేరు లేదు, తేదీ లేదు. చనిపోయాక మెక్‌డోనల్డ్ ఆయన పొడి అక్షరాలతో, 1917 సంవత్సరంతో ఒక ముద్ర రూపొందించాడు. మిగిలిన పలకల మీద అదే వేశారు. దాంతో 1914 నాటి పలక మీదా 1917 అనే ఉంటుంది. పేర్లు చాలావరకు తర్వాత ఇతరులు పెట్టినవి. ఇప్పుడు ఒక పలక ఏ ఏడాదిదో తేల్చాలంటే దాని చెక్క రకం, పూత, మచ్చ మందం చూస్తారు. బొమ్మలోని ఆకు ఎంత రాలింది, చెరువు మీద మంచు ఎంత కరిగింది అన్నది చూసి నెల అంచనా వేస్తారు. 2009లో ‘ఎర్లీ స్ప్రింగ్, కెనో లేక్’ అనే చిన్న పలక వేలంలో 27 లక్షల కెనడా డాలర్లకు పైగా పలికింది. ఆ తర్వాత ఈ తేదీల లెక్క పండితులకే కాదు, వ్యాపారులకూ అవసరమైంది.